చలి రాత్రులు – అగ్గి తెగులు

 

ఈ రోజు వరికి వచ్చే అగ్గి తెగులు గురించి చెప్పుకుందాం. పేరేమో అగ్గి. వచ్చేదేమో చలిలో! చేను కాలిపోయినట్టు కనబడుతుంది కాబట్టి ఆ పేరు.

తడి గరిటె పెడితే ఆవకాయ బూజు పడుతుంది కదా. అగ్గి తెగులు కూడా ఒక రకం బూజు వల్లే వస్తుంది. దాన్ని శిలీంధ్రం అంటారు. దాని విత్తనాలు మన కంటికి కనబడవు. గాలికి ఎగిరి వచ్చి ఆకు మీద వాలతాయి. ఆకు పొడిగా ఉంటే మొలవలేవు. వాటికి తడి కావాలి. మరీ వేడి కాని, మరీ చలి కాని రాత్రి కావాలి.

టీవీలో ఉష్ణోగ్రత ఎంతో చెబుతారు, వినే ఉంటారు. రాత్రిపూట అది 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండి, మంచు కురిసిందనుకోండి. ఆకు ఎనిమిది, పది గంటలు తడిగానే ఉంటుంది. ఇంకేం! విత్తనం మొలిచి సూదిలా ఆకులోకి దిగుతుంది. నాలుగైదు రోజుల్లో మచ్చ వస్తుంది. ఆ ఒక్క మచ్చ నుంచి మళ్లీ వేల విత్తనాలు లేస్తాయి. మబ్బు పట్టి తుంపర పడుతున్నా ఇంతే. ఎండలు ముదిరి 35 డిగ్రీలు దాటితే దాని జోరు తగ్గుతుంది.

మచ్చ నూలు కండెలా ఉంటుంది. రెండు కొసలూ సన్నం, నడుమ వెడల్పు. అంచు గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. కలుపు తీసేటప్పుడు మొదట చూసేది మనమే. చూడగానే చేను గలవాళ్లకు చెప్పాలి. ఊరుకుంటే వెన్ను మెడకు పాకుతుంది. మెడ విరిగితే గింజ తాలే. అప్పుడు ఏ మందు కొట్టినా పోయిన గింజ రాదు.

యూరియా ఎక్కువ వేస్తే చేను నల్లగా ఏపుగా ఉంటుంది. చూసి మురిసిపోతాం. తెగులుకు కూడా అలాంటి మెత్తని ఆకే ఇష్టం! మచ్చలు కనబడితే యూరియా ఆపండి. గట్ల మీద గడ్డి తీసేయండి. తెగులు అందులోనూ దాగుతుంది.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అన్నం బాగుంటుంది కానీ ఈ తెగులుకు ఆగదు. నెల్లూరు మసూరి తట్టుకుంటుంది. మందు కొనేముందు మచ్చ ఉన్న ఆకు తీసుకెళ్లి వ్యవసాయాధికారికి చూపించండి. ఏ మందో, ఎంతో కాగితం మీద రాయించుకోండి. కొట్లో డబ్బా మీద పేరు, తేదీ మీరే చదివి తీసుకోండి.