రక్తంలో కొవ్వు – మతిమరుపు



పోయిన సంక్రాంతికి మా అమ్మ అరిసెలు వండుతూ, పాకం నీళ్లలో వేసి ఉండకట్టి చూసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తరువాత ఏం చెయ్యాలే?" అని నన్నడిగింది. యాభై ఏళ్లు అరిసెలు వండిన చేయి! పెద్దతనంలో మతిమరుపు మామూలే కదా అని నవ్వి ఊరుకున్నాను. ఉగాది నాటికి మా అబ్బాయి పేరు మరిచిపోయింది. అప్పుడు గాని డాక్టరుకు చూపించలేదు. థైరాయిడ్ లోపం వల్ల, బి12 విటమిన్ లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గుతుందట. అందుకని ముందు ఆ పరీక్షలు చేశారు. అమ్మది అది కాదు, డిమెన్షియా అన్నారు.

అప్పటినుంచీ నాకు భయం పట్టుకుంది. నాకిప్పుడు నలభై ఆరు. అమ్మకు వచ్చింది నాకూ వస్తుందా? మా డాక్టరమ్మనడిగితే ఆవిడ, "మీరెప్పుడైనా రక్తంలో కొవ్వు చూపించుకున్నారా?" అని ఎదురు ప్రశ్న వేశారు. మావారికి ఏటా నేనే గుర్తుచేసి చేయిస్తాను. నేను మాత్రం ఒక్కసారీ చేయించుకోలేదు. మీలో చేయించుకున్నవాళ్లెందరో మీరే చెప్పండి.

కొవ్వు గుండెకు చెరుపని విన్నాం గాని, మతికేమిటి సంబంధం? చారులో నెయ్యి వేస్తే కలవదు, పైన తేలుతుంది. రక్తంలోనూ అంతే. అందుకని మన కాలేయం కొవ్వును మాంసకృత్తులతో పొట్లం కట్టి పంపుతుంది. ఆ పొట్లాలనే లైపోప్రోటీన్లంటారు. ఎల్.డి.ఎల్. అనేది కొలెస్ట్రాల్‌ను ఒంటికి చేరవేస్తుంది. హెచ్.డి.ఎల్. మిగిలింది వెనక్కి తెస్తుంది. ఎల్.డి.ఎల్. మితిమీరితే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

అలాగని ఆ కొవ్వు వెళ్లి మెదడులో కూర్చుంటుందనుకోకండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో సుమారు అయిదోవంతు మెదడులోనే ఉంటుందట. కాని అది మెదడు తనకు తాను తయారు చేసుకున్నదే. రక్తంలోని పొట్లాలను లోపలికి రానివ్వకుండా అడ్డుగోడ ఉంది. చిక్కంతా నాళాల దగ్గర. అవి ఇరుకైతే మెదడుకు రక్తం చాలదు. పైకి తెలియని చిన్న చిన్న పక్షవాతాలు వస్తాయి. అవి ఒకటొకటిగా చేరి తెలివిని తినేస్తాయి.

లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల సంఘం డిమెన్షియాకు మనం సవరించుకోదగిన కారణాలు అంతకుముందు 12 అని చెప్పి, 2024లో వాటిని 14 చేసింది. కొత్తగా చేర్చిన రెండింటిలో ఒకటి చూపు తగ్గినా వైద్యం చేయించుకోకపోవడం. రెండోది నడివయసులో ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉండడం. నడివయసులో అన్నారు, గమనించారా? డెబ్బై దాటినవారికి కొవ్వు తగ్గించే మాత్రలిచ్చి చూసిన ఒక పెద్ద పరిశోధన ఫలితం 2002లో వచ్చింది. గుండెకు మేలు జరిగింది గాని, జ్ఞాపకశక్తికి ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు మా అమ్మకు ఆ మాత్రలతో పోయిన మతి తిరిగి రాదు. చూసుకోవలసినది మన వయసువాళ్లం.

వంశపారంపర్యం మాటా అడిగాను. మెదడులో కొవ్వును మోసే అపో-ఇ అనే మాంసకృత్తి ఉంది. దాని జన్యువులో నాలుగో రకం ఉన్నవారికి అల్జైమర్స్ రావడానికి అవకాశం ఎక్కువని 1993లో కనుగొన్నారు. ఎక్కువే గాని, వచ్చి తీరుతుందని కాదు. అది లేనివారికీ వస్తుంది. ఆ మాట విన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

నా ఎల్.డి.ఎల్. 168 వచ్చింది. వందలోపు ఉంటే మేలట. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకిది పెరుగుతుందని అప్పుడే తెలిసింది. తగ్గించుకుంటే డిమెన్షియా రానే రాదని డాక్టరమ్మ హామీ ఇవ్వలేదు. గుండెకు మేలన్నది మాత్రం ఖాయమన్నారు.

మా ఇంట్లో బజ్జీలు వేయించిన నూనె మర్నాడు కూరకు వాడడం మానేశాను. అది మానడమే నాకు కష్టమైంది, పారబోయడానికి చేతులు రావు! నెయ్యి పూర్తిగా మానలేదు. ముద్దపప్పులో ఒక్క చెంచా వేసుకుంటాను. సాయంత్రాలు గుడి దాకా నడుస్తున్నాను. మూడు నెలలకు తగ్గకపోతే మాత్ర వేసుకోవాలన్నారు. వేసుకుంటాను, మొండికెయ్యను.

వచ్చే సోమవారం మళ్లీ రక్తం ఇవ్వాలి. "నాకేం రోగం?" అంటున్న మా వదినను కూడా వెంటబెట్టుకు వెళుతున్నాను.