గుంతలో దిగేదెవరు?



మన పిల్లలు పట్నం పోయి హోటల్లో పని దొరికిందంటారు. జీతం ఎవరిస్తారంటే కాంట్రాక్టరంటారు. గదులు ఊడవటం, దుప్పట్లు ఉతకటం, దొడ్లు కడగటం అన్నీ బయటివాళ్ళకి అప్పగించాడు యజమాని. గల్లాపెట్టె మాత్రం ఎవరికీ ఇవ్వడు!

2019 జూన్‌లో గుజరాత్‌లో, వడోదర జిల్లా దభోయి దగ్గర ఒక హోటలు సెప్టిక్ ట్యాంకులో ఏడుగురు చచ్చిపోయారు. నలుగురు శుభ్రం చేయటానికి బయట్నించి వచ్చినవాళ్ళు. ముగ్గురు ఆ హోటలు పనివాళ్ళే. విషవాయువుకి సొంత కూలీ, బయటి కూలీ అనే తేడా తెలీదు.

2013 చట్టం కూడా ఆ తేడా చూడదు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులో నేరుగా దింపినా, ఇంకొకడి చేత దింపించినా నేరమే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 చట్టం చెప్పింది. 2020 కోడ్ కూడా ఆ మాటే చెప్పింది. కానీ 20 మంది కాంట్రాక్టు కూలీలుంటే వర్తించేదాన్ని 50 చేసింది. చిన్న హోటలు కూలీని గొడుగు బయటికి నెట్టింది.

అందుకే పనికి పోయేవాళ్ళు కాంట్రాక్టరు పేరు, కూలి చీటీ, పి.ఎఫ్. నంబరు అడగాలి. ఒక్కడే అడిగితే పని పోద్ది. పదిమంది కలిసి అడిగితే అది సంఘం.

చచ్చిన గొడ్డుని మొయ్యం అన్నారు మన తాతలు. గుంతలో దిగం అనటం మన వంతు. జై భీమ్!