పెద్దమ్మ నన్నెందుకు నిద్ర లేపేది?

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు గదా, రామప్ప గుడి పునాది గురించి ఓ పావుగంట చెప్పు, పిల్లలకు పనికొస్తది" అన్నాడు. సరేనని కూర్చుని రాయడం మొదలుపెట్టాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి మనది. 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వచ్చినవాళ్లంతా మదనికలను చూస్తారు, నీళ్ల మీద తేలే ఇటుకల గురించి అడుగుతారు. అంత బరువునూ మోస్తున్నది కింద ఇసుక నింపి వేసిన పునాది అనీ, భూమి కదిలినప్పుడు కుదుపును ఆ ఇసుకే తట్టుకుంటుందనీ ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పైకి కనిపించదు కాబట్టి అడగరు.

అక్కడిదాకా రాసి ఆగిపోయాను. నా కింద ఉన్న పునాది గురించి నేనెన్నడూ అడగలేదు కదా అనిపించింది. అందుకే కార్యదర్శిగారు క్షమించాలి. ఇవాళ గుడి పునాది గురించి కాకుండా, ఈ ఊళ్లోనే బతికి, 23 ఏళ్లకే పోయిన ఒక ఆడమనిషి గురించి చెబుతాను. ఆమె మా అమ్మ.

నేను ఆరో తరగతిలో ఉండగా తెలుగు సారు "మా అమ్మ" అని వ్యాసం రాయమన్నారు. అందరూ రాస్తున్నారు. నేను శీర్షిక రాసి, కింద గీత గీసి కూర్చున్నాను. గంట కొట్టారు. ఖాళీ కాగితం ఇచ్చాను. మర్నాడు సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. దెబ్బలు పడతాయనుకున్నాను. ఆయన ఎవరినో అడిగి సంగతి తెలుసుకున్నట్టున్నారు. "నీకు రోజూ అన్నం ఎవరు పెడతరు?" అని అడిగారు. "పెద్దమ్మ" అన్నాను. "అయితే ఆమె గురించి రాయి" అన్నారు. రాశాను. మా పెద్దమ్మ మంచిదే గానీ, రాత్రి నేను నిద్రపోయాక లేపి కూర్చోబెట్టి అన్నం తినిపిస్తుందనీ, నాకది అస్సలు నచ్చదనీ, చాలా కోపం వస్తుందనీ రాశాను. సారు నవ్వి పదికి ఏడు మార్కులు వేశారు. ఆ సారు ఇప్పుడు లేరు. ఆ కాగితం కూడా లేదు. కానీ ఆ కోపం గుర్తుంది. ఆ కోపం సంగతి మళ్లీ చెబుతాను.

అమ్మ గురించి నాకు తెలిసింది ఇంతే. 1974 వానాకాలంలో, నాకు ఐదేళ్లున్నప్పుడు, చెల్లె పుట్టిన రాత్రే పోయింది. ఫోటో లేదు. నాయిన ఆమె మాట ఎత్తేవాడు కాదు. ఎత్తితే ఏమవుతుందోనని మేమూ అడిగేవాళ్లం కాదు. చెల్లెను అమ్మమ్మ తన ఊరికి తీసుకుపోయి పెంచింది. నన్ను ఈ ఊళ్లోనే ఉన్న పెద్దమ్మ, అంటే అమ్మ అక్క, తన పిల్లలతో పాటు సాకింది. చెల్లె తన పుట్టినరోజు ఎప్పుడూ చేసుకోలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

నేను పదో తరగతి పాసై, వరంగల్ ఆర్‌ఈసీలో సివిల్ చదివి, ఉద్యోగంలో పడి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాను. ఇన్నేళ్లూ అడగనివాణ్ని, చివరికి అడిగేలా చేసింది హైదరాబాదులోని ఒక పాత భవనం.

కోఠీ మహిళా కళాశాలలోని బ్రిటిష్ రెసిడెన్సీని బాగుచేశారని విని, పాత సున్నం పని చూద్దామని ఇద్దరు మిత్రులతో వెళ్లాను. ఎత్తయిన స్తంభాలు, పెద్ద మెట్లు, అన్నీ చూశాం. వెనక తోటలో ఆ భవనానిదే చిన్న నమూనా ఒకటి ఉంది. మనం కాగితం మీద గీసి, అట్టతో చేసే నమూనాల్లాంటిది కాదు, కట్టిందే. ఎందుకు కట్టారని అడిగితే అక్కడివాళ్లు ఒక కథ చెప్పారు. హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్, పర్దాలో ఉండే తన భార్య ముందువైపుకు వచ్చి భవనాన్ని చూడలేదు కాబట్టి, ఆమె చూసుకోవడానికి దీన్ని కట్టించాడట. ఆమె పేరు ఖైరున్నీసా.

ఇంటికి వచ్చాక విలియం డాల్రింపుల్ రాసిన "వైట్ మొఘల్స్" తెప్పించుకుని చదివాను. ఖైరున్నీసా హైదరాబాదులో పెద్దింటి పిల్ల. కిర్క్‌పాట్రిక్‌ను ఇష్టపడి పెళ్లాడింది. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. 1805లో ఆ పిల్లలిద్దర్నీ చదువుకోసం, తాత దగ్గర పెరగడం కోసం మద్రాసులో ఇంగ్లండు ఓడ ఎక్కించారు. కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడేళ్లు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడు అక్టోబరు 15న భర్త కలకత్తాలో చనిపోయాడు. తర్వాత ఆమె కొన్నాళ్లు మచిలీపట్నంలో, ఊరికి దూరంగా గడపాల్సి వచ్చింది. 1813 సెప్టెంబరు 22న కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 27 ఏళ్లు. కన్నతల్లి షరఫున్నీసా కళ్లముందే కూతురు పోయింది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. ఇంగ్లండులో ఆ పిల్లలకు కొత్త పేర్లు పెట్టారు. కూతురు కిట్టీ అక్కడే పెరిగి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నది. నలభయ్యో ఏడు వస్తుండగా ఒకరి ఇంట్లో గోడ మీద ఒక బొమ్మ చూసింది. ఓడ ఎక్కే ముందు మద్రాసులో చిన్నెరీ అనే చిత్రకారుడు తననూ అన్ననూ వేసిన బొమ్మ అది. ఆ బొమ్మ దగ్గర మొదలై, అమ్మమ్మ హైదరాబాదులో ఇంకా బతికే ఉందని తెలుసుకుంది. రెసిడెన్సీలో పనిచేసే ఒక అధికారి సాయంతో ఆమెకు ఉత్తరం రాసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో సముద్రాలు. అయినా 1847లో అమ్మమ్మ పోయేదాకా, ఆరేళ్లపాటు రాసుకున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు. కానీ అమ్మ ఎలా ఉండేదో చెప్పగలిగిన మనిషిని కిట్టీ వెతికి పట్టుకుంది.

ఆ పుస్తకం మూసి సిగ్గుపడ్డాను. మా అమ్మను ఎత్తుకుని తిరిగిన పెద్దమ్మ పాలంపేటలో ఉంది. నేను హైదరాబాదులో ఉన్నాను. మధ్యలో ఉన్నది రెండు వందల కిలోమీటర్ల తారురోడ్డు. పండక్కి వస్తాను, చీర పెడతాను, బీపీ మాత్రలు కొనిస్తాను, పోతాను. ఒక్కసారీ అడగలేదు.

ఆ ఆదివారం చెల్లెను కూడా తీసుకుని వచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "పెద్దమ్మా, అమ్మ ఎట్లుండేది?" అన్నాను. ఆమె చాలాసేపు నావైపు చూసి, "ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా! ఎన్నడు అడుగుతరో అని చూస్తున్న" అంది. సాయంత్రం దీపాలు పెట్టేదాకా చెబుతూనే ఉంది.

అమ్మ గట్టిగా నవ్వేదట. ఆడపిల్ల అట్లా నవ్వొచ్చునా అని మా నాయనమ్మ కసిరితే, కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ నవ్వేదట. బతుకమ్మ ఆటలో పాట ఎత్తుకునేది అమ్మేనట. తంగేడు పువ్వు కోసం తెల్లవారకముందే చెరువు కట్ట మీదికి పోయేదట. నాట్లప్పుడు తాడు పట్టకుండానే వరుస తిన్నగా వేసేదట. "నువ్వు ఇంజనీరువు అయినవంటే మీ అమ్మ కన్నే నీకొచ్చింది" అంది పెద్దమ్మ. ఇంత పెద్ద సర్టిఫికెట్టు నాకు ఆర్‌ఈసీ కూడా ఇవ్వలేదు.

అమ్మ మూడో తరగతి దాకా చదివిందట. అత్తవారింటికి వచ్చేటప్పుడు బట్టల మూటలో పలక కూడా తెచ్చుకుందట. ఆ పలక మీదే నాచేత అక్షరాలు దిద్దించిందట. 1974 మాఘంలో మేడారం జాతరకు ఎడ్లబండి మీద నన్ను తీసుకుపోయి, నా ఎత్తు బంగారం, అంటే బెల్లం, సమ్మక్కకు మొక్కు చెల్లించిందట. ఆ జూన్‌లో నన్ను బడిలో వేసింది. నాయిన వేశాడని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఏడో నెల కడుపుతో నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది అమ్మేనట. నేను ఏడుస్తుంటే గంట కొట్టేదాకా బయట చెట్టు కింద కూర్చుందట.

చెల్లె అంతసేపూ వింటూ కూర్చుని, "నేను పుట్టంగ నన్ను చూసిందా?" అని అడిగింది. తనకు కావలసింది ఆ ఒక్క మాటే. పెద్దమ్మ, "చూసింది బిడ్డా. ఒళ్లో పెట్టుకున్నది. నీ చెవులు తన చెవుల లెక్కనే ఉన్నయని మురిసింది" అంది. చెల్లె లేచి పెరట్లోకి పోయింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది.

తర్వాత పెద్దమ్మ ఆ రాత్రి సంగతి చెప్పింది. శ్రావణం. మూడు రోజుల నుంచి ముసురు. పొద్దుగూకే వేళకు ఇంట్లోనే కాన్పయింది. బిడ్డ బాగుంది, మాయ పడింది, కానీ రక్తం ఆగలేదు. పాత చీరలు ఒక్కొక్కటే తడిసిపోయాయి. బండి కట్టి, గడ్డి పరిచి, అమ్మను పడుకోబెట్టి బయల్దేరారు. జంగాలపల్లి రోడ్డు మీదికి చేరితే ఏ లారీ అయినా దొరుకుతుంది, ములుగు పోవచ్చని ఆశ. దారిలో వాగు పొంగింది. అప్పుడు వంతెన లేదు. ఎడ్లు దిగలేదు. నీళ్లు తగ్గుతాయని ఒడ్డున ఆగారు. నాయిన లాంతరు పట్టుకుని నీళ్లలోకి దిగి లోతు చూసి వచ్చేవాడట, మళ్లీ దిగేవాడట. అమ్మ పెద్దమ్మ చేయి పట్టుకుని ఒక్క మాట చెప్పింది.

"అక్కా, పిలగాడు బువ్వ తినకుంటనే పంటడు. లేపి పెట్టు."

తెల్లవారకముందే బండి వెనక్కి తిరిగింది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేదాకా పెద్దమ్మ నన్ను ప్రతి రాత్రీ లేపింది. నేను విసుక్కున్నాను, ముద్ద ఉమ్మేశాను, ఒకసారి కంచం తోసేశాను. ఆమె ఎందుకు లేపుతున్నదో ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే పిల్లవాడికి ముద్ద దిగదనుకున్నదేమో. నేను వ్యాసంలో కోపమని రాసినది మా అమ్మ ఆఖరి మాటను.

నా బ్యాచ్ మిత్రుడు, ఇప్పుడు డాక్టరు, ఇక్కడే ఉన్నాడు. వాణ్ని అడిగాను. కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోకపోతే ఇలా రక్తం పోతుందట. ఆపకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చట. గర్భసంచి ముడుచుకోవడానికి సూది మందు ఉంది, రక్తం ఎక్కించొచ్చు. అవి అప్పుడూ ఉన్నాయి. వాగుకు అవతల ఉన్నాయి. ఇప్పుడా వాగు మీద వంతెన ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి ఇప్పుడు మన గుమ్మం దాకా వస్తుంది. 2001-03 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో అది 43కు తగ్గింది. తగ్గిందంటే సంతోషమే. ఆ 43 ఇళ్లలోనూ నాలాంటి పిల్లలు ఉంటారు. కాబట్టి ఇక్కడున్న ఆడపిల్లలకు, కొత్తగా పెళ్లయిన తమ్ముళ్లకు ఒక్క మాట. నెలనెలా పరీక్షలు మానొద్దు, రక్తం తక్కువుందంటే తేలిగ్గా తీసుకోవద్దు, కాన్పు దవాఖానలోనే.

నేను పనిచేసిన చోటల్లా కల్వర్టు కాగితం నా బల్ల మీదికి వస్తే పక్కన పెట్టలేదు. ఎందుకో నాకే తెలియదు అనుకునేవాణ్ని. ఆ వాగు దగ్గరి రాత్రి గురించి చిన్నప్పుడు ఎవరో మాట్లాడుకుంటుంటే నా చెవిన పడే ఉంటుంది.

సంఘానికి నాదొక మనవి. స్వర్ణోత్సవం పేరుతో ఒక పుస్తకం పెడదాం. పదవుల జాబితాలు, ర్యాంకులు ఉండనే ఉంటాయి. మనల్ని ఈ బడికి చెయ్యి పట్టుకుని తెచ్చిన అమ్మలు, అమ్మమ్మలు, పెద్దమ్మలు ఎలా ఉండేవారో తలా ఒక పేజీ రాద్దాం. మన బడి పిల్లల్లో అమ్మ లేని పిల్లలుంటే, తెలుగు సారు నన్ను పిలిచినట్టు పక్కకు పిలిచి, నీకు అన్నం ఎవరు పెడతరని అడుగుదాం. ఊళ్లో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఎంతమంది మిగిలారో మీకు తెలుసు. ఇవాళ సభ అయిపోయి ఇంటికి పోయాక అడగండి. వాళ్లు మనం అడగాలనే చూస్తున్నారు.

ఈ ఏడు శ్రావణంలో చెల్లె మొదటిసారి తన పుట్టినరోజు చేసుకుంది. పాయసం వండింది. పెద్దమ్మ రెండుసార్లు పెట్టించుకుంది.

ఆమె ఇక్కడే, రెండో వరుసలో కూర్చుని ఉంది. భోజనాల వేళ దాటుతోంది కాబట్టి అప్పటినుంచీ నాకు సైగ చేస్తూనే ఉంది. ఈసారి విసుక్కోకుండా వెళతాను.