పిల్లల ఇంగ్లీషు – పెద్దల చెవి
(ప్రసంగ పాఠం)



నేను ఇంగ్లీషు పండితుడిని కాను. ముప్పై ఏళ్లకు పైగా గుమస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ‘విత్ రిఫరెన్స్ టు ది లెటర్ సైటెడ్’ అంటూ వేల నోట్లు రాసినాను. అయితే ఒకసారి తనిఖీకి వచ్చిన తెలుగు రాని అధికారి ప్రశ్న అడిగితే నోరు పెగల్లేదు. ఫైలు నాదే, నోటు నాదే, జవాబూ తెలుసు. ‘ఎస్ సార్’ తప్ప మరో మాట రాలేదు.

నేడు మన మనవళ్లు, మనవరాళ్లు అదే అవస్థ పడుతున్నారు. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మీడియంలో చదివినవారు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి చోట్లకు పోతున్నారు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే అని ప్రభుత్వం ప్రకటించింది. పుస్తకం ఒక్క ఏడాదిలో మారుతుంది, నోరు మారదు గదా!

కష్టం ఎక్కడుంది? మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే రావాలి. ‘పోయినావా?’ అని మనం ఒక్క దీర్ఘంతో ప్రశ్న చేస్తాం. అక్కడ ముందు ‘డిడ్’ పెట్టి, ‘వెంట్’ను మళ్లీ ‘గో’ చేయాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనుక ‘బస్’ మన నోట ‘బస్సు’ అవుతుంది. పిల్లలు మనసులో తెలుగు వాక్యం కట్టుకొని, దాన్ని తిరగేసి చెప్పేలోపల అవతలివారు ఇంకో ప్రశ్నకు పోతారు. వీటన్నిటికంటే పెద్ద కష్టం, నవ్వుతారేమోనన్న భయం.

ఆ తప్పు నేనే చేసినాను. పీజీ చదువుతున్న నా మనవరాలు ఒకనాడు ఇంగ్లీషులో తప్పుగా ఒక మాట అంటే పదిమందిలో నవ్వినాను. ఆనాటి నుంచి నా ముందర ఇంగ్లీషు మాట్లాడటం మానేసింది.

1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొరకు తెలుగు పరాయి భాషే. పండితులను దగ్గర పెట్టుకొని నేర్చినాడు. మన కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాలను సేకరించి అచ్చు వేయించినాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాడు. పరాయి భాష రావాలంటే ఓపికగా వినే మనిషి పక్కన ఉండాలి.

మనకు ఉద్యోగం లేదు గానీ తీరిక ఉంది. రోజూ ఒక్క అరగంట పిల్లల ఇంగ్లీషు వినండి. మధ్యలో దిద్దవద్దు, నవ్వవద్దు. మాట తోచకపోతే తెలుగు కలపనివ్వండి. మనలోని రిటైర్డు ఉపాధ్యాయులు ఆదివారం నాలుగిళ్ల పిల్లలను కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

మొన్న దసరాకు మనవరాలికి ఫోను చేసి, ముందు నేనే నాకొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడినాను. నా తప్పులకు తను నవ్వింది. తర్వాత తనూ మాట్లాడింది. ఈసారి నేను నవ్వలేదు, విన్నాను.