శరత్కాలమున పల్లె బాప్టిస్టు సంఘము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంఘజీవనమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మహాసభా కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. విషయము మిక్కిలి పెద్దది. అందుచేత దానిని కుదించుకొని, మన యొంగోలు సీమ పల్లెలలోని బాప్టిస్టు సంఘములు శరత్కాలమున ఎట్లు మెలఁగునో, ఇరుగుపొరుగు వారికి ఎట్లు చేయి యందించునో చెప్పఁదలఁచితిమి. ఈ సంగతి ముందుగాఁ దెలిసిన మిత్రులు కొందఱు “కులసభలో చర్చి ముచ్చట యేల?” అని యడిగిరి. వారి శంక న్యాయమైనదే. ఈ పందిరి క్రింద పోలేరమ్మకు పొంగలి పెట్టువారు కలరు; వీరబ్రహ్మముగారి మఠమునకు మ్రొక్కువారు కలరు; ఆదివారమునాఁడు బైబిలు చేతఁబట్టుకొని పోవువారును కలరు. మేము మతప్రచారమునకై రాలేదు. కాని యొంగోలు సీమ బాప్టిస్టు సంఘచరిత్ర చాలవఱకు అరుంధతీయుల చరిత్రయే. దానిని విడిచి మన కులచరిత్ర వ్రాయఁబూనుట గుండ్లకమ్మను విడిచి యీ సీమకు పటము గీయుట వంటిది.

మొదట ఋతువును గూర్చి ఒక మాట. సంస్కృతకవుల శరత్తు మనోహరమైనది. మబ్బు తొలఁగిన యాకాశము, తేఱిన నీరు, ఱెల్లుపూవులు, వంగిన వరివెన్నులు, హంసల రాక. ఆ వర్ణనము ఉత్తరదేశమునకు చక్కఁగా నొప్పును. మన తీరమునకు ఒప్పదు. ఇచట ఆశ్వయుజ కార్తికములలోనే ఈశాన్యపు గాలి వానను దెచ్చును. నెల్లూరు, ఒంగోలు సీమల వర్షములో పెద్దపాలు అక్టోబరు నవంబరు నెలలదే. తుపానులును అప్పుడే. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచివైచిన యుప్పెన యీ ఋతువునందలిదే కదా! చేనున్నవానికి సజ్జకంకులు ఇల్లు చేరియుండవచ్చును. పొగాకు నాటు నడచుచుండును. చేను లేనివానికి మాత్రము వాన వెలిసిన దినమే కూలిదినము. వారమురోజులు ముసురు పట్టెనా, పొయ్యిలో పిల్లి లేవదు. మన పల్లెలలో చేను లేనివారే యెక్కువ యని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఇట్టి దినములలో పల్లెలోని చిన్న ప్రార్థనమందిరము ఏమి చేయుచున్నదో చూడుఁడు. గుండ్లకమ్మ యొడ్డున నొక పల్లెకు మేము అనేక పర్యాయములు పోయియున్నాము. అచటి మందిరము ఇరువదియడుగుల వెడల్పైనను ఉండదు. స్త్రీల సమాజమువారు ప్రతి యింట నొక చిన్న కుండ పెట్టించినారు. పూటపూటకు అన్నము వండునపుడు ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికెడు బియ్యము తీసి యా కుండలో వేయుదురు. ఆదివారమునాఁడు ఆ బియ్యమంతయు మందిరమునకు వచ్చును. తక్కిన కాలములో దానిని అమ్మి సంఘపు వెచ్చములకు వాడుదురు. ముసురుకాలమున మాత్రము అమ్మరు. పురిటిబాలింత యున్న యిల్లేది, ముదుసలి యొంటరిగా నున్న గుడిసె యేది, మగదిక్కు వలసపోయిన కొంప యేది, ఆ స్త్రీలకు కంఠస్థము. సాయంకాలము ఇద్దఱిద్దఱుగాఁ బోయి కొంగుచాటున బియ్యము పెట్టి, ఒక ప్రార్థన చేసి వత్తురు. కొంగుచాటున నేల? పుచ్చుకొన్నవారి పేరు పదిమందికి తెలియరాదని. మా కులసభ సహాయములను ఛాయాచిత్రములతోఁ బ్రకటించుకొను వారము గనుక ఈ మర్యాదను విశేషించి చెప్పుచున్నాము.

ఆ యిండ్లలో చర్చికి రానివారి యిండ్లును ఉన్నవా యని మేము ఒక ముసలమ్మ నడిగితిమి. ఆమె మా ప్రశ్నకు ఆశ్చర్యపడి “మా చిన్నోడు పోలేరమ్మ కాడికి పోతాడు, నేను చర్చికి పోతా. కూటికుండ మాత్రం ఒకటే గదా అయ్యవారూ!” అనినది.

పడుచువారు చేయు పని వేఱు. వాన వెలిసిన దినమున కూలిపోయిన గోడ నిలిపెదరు; పైకప్పు ఎగిరిన యింటికి తాటాకో రేకో వేసెదరు. రాత్రి మందిరపు దీపము క్రింద పిల్లలకు పాఠములు చెప్పెదరు. కార్తికము నడిమికి దారులు ఆఱినపిమ్మట ఆదివారపు మధ్యాహ్నమున గుంపుగా పొరుగుపల్లెకు పోయెదరు. కీర్తనలు పాడెదరు, రోగులను చూచెదరు, బడి మానిన పిల్లవాని తండ్రితో తగవు పెట్టుకొనెదరు. ఆ కీర్తనలలో పురుషోత్తమ చౌధరిగారివి కొన్ని. 1803లో పుట్టి 1890లో గతించిన ఆ బ్రాహ్మణపండితుఁడు క్రైస్తవుఁడై, రాగతాళములతో తెలుఁగు కీర్తనములు రచించెను. సంస్కృతసమాసము నిండిన యా చరణములను అక్షరము రాని మన తల్లులు తప్పులేక పాడుట వినునపుడు, పాఠశాలలో సమాసము చెప్పి యలసిన మావంటివారికి కొంత యీర్ష్య కలుగును.

ఇఁక పంటపండుగ. సజ్జకంకులు, గుమ్మడికాయలు, కోడి, గ్రుడ్లు, కుట్టిన చెప్పులజత, ఎవరికి కలిగినది వారు తెచ్చి బల్లయెదుట పెట్టెదరు. ఆరాధన ముగిసిన పిమ్మట వేలముపాట. ఒక వితంతువు తెచ్చిన కోడిగ్రుడ్డును ఒకఁడు పాడి కొని మరల కానుకగా నిచ్చును. దానిని వేఱొకఁడు పాడును. అతఁడును మరల నిచ్చును. ఒక్క గ్రుడ్డు అయిదాఱు చేతులు మాఱి పలికిన మొత్తము ఒక మేఁకపిల్ల వెలకు వచ్చుట మేము చూచితిమి. అందఱును నవ్వుచుందురు. ఆ గ్రుడ్డు తెచ్చిన యామె మాత్రము నవ్వక తలయెత్తుకొని కూర్చుండును.

ఇదంతయు నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికా బాప్టిస్టుల పక్షమున శామ్యూల్ డే దొర 1836లో ఆంధ్రదేశమునకు వచ్చి 1840లో నెల్లూరున స్థిరపడెను. చాలకాలము ఫలము మిక్కిలి స్వల్పము. ఈ స్థానము నెత్తివేయుదమా యని స్వదేశమున వారు ఒకటికి రెండుసారులు తర్కించిరి. 1854 జనవరి 1వ తేదీని తెల్లవాఱుజామున జెవెట్ దొర దంపతులు, మఱి ముగ్గురు తెలుఁగువారు ఒంగోలు కొండ యెక్కి ప్రార్థించిరి. నేఁటికిని ఆ కొండను ప్రార్థనకొండ యందురు. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీని అచట సంఘము ఏర్పడినపుడు సభ్యులు ఎనమండుగురు!

ఆ యెనిమిది వేలకొలఁది యెట్లయ్యెను? క్లౌ దొర పేరు అందఱికి తెలియును. మన కులమువాఁడైన యర్రగుంట్ల పేరయ్య పేరు మన పిల్లలకే తెలియదు. తోలువ్యాపారము చేసికొనుచు ఊరూరు తిరిగిన పేరయ్య, క్రైస్తవుఁడు కాకముందే రాజయోగ గురువుల నాశ్రయించి సాధన చేసినవాఁడు. మన కులమున విద్య లేకపోయెనను మాట వినునపుడు ఈయనను తలఁచుకొనవలెను. బడి లేకపోయినది గాని తత్త్వవిచారము లేకపోలేదు. ఆయన తాళ్ళకొండపాడు మొదలుకొని పల్లెపల్లెకు కాలినడకను పోయి, చెప్పులు కుట్టు వాకిళ్ళలో కూర్చుండి తాను నమ్మినది చెప్పెను. పాతకాలమున గురువును శిష్యులే పోషించు మన వాడుక చొప్పున ఉపదేశకులకు పల్లెవారే గింజలు పెట్టిరి. క్లౌ దొర ఆ వాడుకను మాన్పింపక దానిమీఁదనే తన పని నిలిపెను. మూఁడు నెలల కొకసారి యుపదేశకులందఱు ఒంగోలున కూడి తాము తిరిగిన పల్లెల సంగతులు చెప్పుకొనెడివారు.

సులభముగా జరిగినది కాదు. చచ్చిన పశువు మాంసము తినము, ఆదివారము పని చేయము, జాతరలో డప్పు కొట్టము అని మనవారు చెప్పిన వెంటనే ఊరిపెద్దలకు కోపము వచ్చెను. వెట్టి తప్పించుకొనుటకే యీ మతమనిరి. బావినీరు ఆఁపిరి, కూలి మాన్పిరి, కొట్టిరి. నాఁడు వెట్టికి గుర్తుగా విడిచిన డప్పు నేఁడు పంటపండుగనాఁడు మందిరము వాకిటనే మ్రోగుచున్నది. అది సరికాదను వృద్ధులు కొందఱు కలరు. తనకు తాను కొట్టుకొను డప్పు వెట్టి కాదని మా యభిప్రాయము.

తరువాత 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము. బకింగుహాము కాలువ త్రవ్వకములో మూఁడున్నర మైళ్ళ పనిని క్లౌ దొర గుత్తకు తీసికొని, వేలాదిమందికి కూలి చూపెను. మన యుపదేశకులే మేస్త్రీలైరి. ఇచట ఒక సంగతి గమనింపుఁడు. అన్నము పెట్టుచున్నంతకాలము, ఇంచుమించు పదునైదు నెలలు, ఆయన యెవరికిని బాప్తిస్మ మీయలేదు. గంజికొఱకు వచ్చినవారను మాట పడరాదనియే యట్లు చేసెను. సహాయము నిలిచిన పిమ్మట గాని నీటిలో దింపలేదు. 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ప్రపంచమంతట ఈ యంకెనే చెప్పుకొందురు. మేము మాత్రము ఆ పదునైదు నెలల నిరీక్షణమును, అంతకు ముందటి పదియేండ్ల కాలినడకను ఎక్కువగాఁ జెప్పుకొందుము. 2,222 మంది యేటిలో దిగుట ఒక్క దినపు పని. మరునాఁటి నుండి వారిని పేరుపేరునఁ బలుకరించుట ఆ పిడికెడు బియ్యపు స్త్రీల పని, ఆ యుపదేశకుల పని.

స్తోత్రపాఠము చదువుటకు రాలేదు గనుక లోపములును చెప్పవలెను. దొరలు పోయిన పిమ్మట కొన్నిచోట్ల ఆస్తులకై వ్యాజ్యములు మిగిలినవి. పదవులకై ఒకే యింటి అన్నదమ్ములు మాటలాడుకొనని యూళ్ళు కలవు. మాలవారి చర్చి, మాదిగవారి చర్చి యను మాట నేఁటికిని వినఁబడుచున్నది. క్రీస్తునందు కులము లేదని ప్రసంగించువారే వియ్యమునకు కులము చూచెదరు. పట్టణములలో పెద్ద మందిరములు కట్టి పల్లె పాస్టరుకు జీతము తప్పించు సంఘములను మే మెఱుఁగుదుము. ఈ దోషములలో పెక్కు మన కులసభకును ఉన్నవి గనుక వీనిని ఎక్కువసేపు ఎత్తిచూపుట మనకు శోభింపదు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తుము. 1950 ఆగష్టు 10వ తేదీనాఁటి రాష్ట్రపతి యుత్తరువు హిందువులు గానివారిని షెడ్యూల్డు కులములలో లెక్కింపరాదనెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని సడలించిరి, క్రైస్తవులకు సడలింపలేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని వెనుకఁబడిన తరగతుల ‘సి’ వర్గమున నుంచి నూటికి ఒక్కపాలు ఇచ్చిరి. చట్టము మంచిదా చెడ్డదా యని న్యాయవాదులు వాదింతురు. ఆ వాదము నేఁడు మా పని కాదు. కాని ఆ చట్టపు గీఁత మన కులసభలోపలికి వచ్చి కూర్చున్నది. మన వసతిగృహమున చేరఁగోరు బాలుని కులధ్రువపత్రము చూచి, అతని తల్లి చర్చికి పోవునా యని యొకరు చెవిలో గొణుగుదురు. చర్చికి పోవు పెద్దమనిషిని కార్యవర్గమునకు ఎన్నుకొనుటకు జంకుదురు. ఆయనయు ‘మా సంగతి బయటపడు’ నని సభకు రాక మానును. చూడుఁడు, పెండ్లినాఁడు లోకమంతయు తలయెత్తి చూచు నక్షత్రపు పేరు మనము కులమునకు పెట్టుకొంటిమి. మన యింటి బిడ్డను మాత్రము తలవంచుకొని రమ్మనుచున్నాము. ప్రభుత్వపు విద్యార్థివేతనమునకు ప్రభుత్వపు నిబంధన యుండును, దానిని మనము తప్పింపలేము. మన చందాలతో నడచు వసతిగృహమునకు ఆ నిబంధన యెవరు పెట్టిరి?

అందుచేత ఈ సభవారి యెదుట ఒక తీర్మానము నుంచుచున్నాము. మన వసతిగృహమున చేర్చుకొనునపుడు బాలుని కులమును, పేదఱికమును విచారింపవలెనే కాని, వాని తల్లిదండ్రులు ఎచట మ్రొక్కుదురో అడుగరాదు. రెండవది, పోషకులు మన్నింపవలెను, వసతిగృహపు బియ్యము ఇఁకమీఁద పోషకుల చందాలమీఁదనే యాధారపడరాదు. ప్రతి శాఖాగ్రామమున, పొంగలి పెట్టు నింటను ప్రార్థన చేయు నింటను, ఒక పిడికెడుబియ్యపు కుండ నిలుపవలెను. దానిని నడపుట తెలిసిన స్త్రీలు ఆ పల్లెలలోనే యున్నారు. వారిని పిలిచి నేర్చుకొనవలెను. సంవత్సరమున కొకసారి మైకుముందు కలిసికొను మనము ఈ కార్తికమున, దారులు ఆఱినపిమ్మట, కార్యవర్గములో నొకొక్కఁడు మూఁడేసి పల్లెలకు పోయి రాత్రి యచటనే నిలువవలెను. మా వంతుకు గుండ్లకమ్మ యొడ్డు పల్లెలు మూఁడు మేము తీసికొనుచున్నాము. తక్కిన పల్లెల పట్టిక కార్యదర్శిగారి బల్లమీఁద నున్నది. భోజనవిరామమునకు ముందే మీ పేళ్ళు వ్రాయింపుఁడు.