యంత్రముతో మాటామంతి

అమెరికా దేశమున 15 మొదలు 34 ఏండ్లలోపు నల్లజాతి పురుషుల మరణములకు మొదటి కారణము వ్యాధి కాదు, ప్రమాదమును కాదు, హత్య. తుపాకి సులభముగా దొరకుచోట క్షణకాలపు ఆగ్రహమునకు ప్రాణమే మూల్యమగును. మత్తు తోడైనచో చెప్పనక్కరలేదు. ఇట్టి యువకులకు నచ్చజెప్పు పనిని కంప్యూటరునకు అప్పగింపవచ్చునా?

మిషిగన్ రాష్ట్రమున ఫ్లింట్ అను నగరము కలదు. మోటారు కర్మాగారములు మూతపడి చితికిపోయిన ఊరు. అచ్చటి ఆసుపత్రి అత్యవసర విభాగమునకు 2006–2009 నడుమ వచ్చిన 14–18 ఏండ్ల వారిలో, మద్యమును కొట్లాటలును ఎరిగిన 726 మందిని పరిశోధకులు ఎన్నుకొనిరి. సగముకన్న ఎక్కువమంది నల్లజాతివారు, బాలికలును ఉండిరి. కొందరితో సలహాదారు ఎదుట కూర్చుండి మాటలాడెను. కొందరికి కంప్యూటరే బోధించెను. తక్కినవారికి ఒక కరపత్రమిచ్చిరి. మూడు నెలల పిమ్మట చూడగా, తోటివారిపై చేయిచేసికొనుట స్పష్టముగా తగ్గినది సలహాదారుతో మాటలాడినవారిలోనే. ఆరు నెలలకు మద్యము తెచ్చిపెట్టు చిక్కులు మాత్రము కంప్యూటరు ముందు కూర్చున్నవారిలోను తగ్గినవి. రేడియోవారము గనుక యంత్రముపై మాకు పక్షపాతము సహజము. అయినను ఈ వ్యత్యాసమును దాచలేము.

కొట్లాట విషయమున మనిషి ఎందులకు కావలసివచ్చెనో చికాగో పాఠశాలలలో 2001లో మొదలైన ‘బికమింగ్ ఎ మాన్’ అను శిక్షణను చూచినచో కొంత తోచును. ఇద్దరు బాలురలో ఒకనికి బంతి నిచ్చి, ముప్పది సెకండ్లలో దానిని తీసికొమ్మని రెండవవానితో చెప్పుదురు. పెనుగులాట మొదలగును. పిదప శిక్షకుడు తాపీగా, “ఇమ్మని అడుగలేదేమి?” అనును. అడిగినచో ఇచ్చియుందునని బంతి పట్టినవాడే తరచు ఒప్పుకొనును! ఈ శిక్షణ నడచిన కాలమున హింసానేరములపై అరెస్టులు 45 మొదలు 50 శాతము తగ్గినవని 2017లో ప్రచురితమైన పరిశోధన తెలుపుచున్నది. ఒంటరిగా తెర చూచువానికి ఆ పెనుగులాట ఎక్కడిది?

మరియొక చిక్కు కలదు. అదే నగరమున పోలీసులు, కాల్పులలో చిక్కుకొనగలవారని కంప్యూటరు లెక్కగట్టిన జాబితా నొకటి కొన్నియేండ్లు నడపి, 2019లో విడిచిపెట్టిరి. అట్టి ఊరి యువకుని చేతి ఫోను, “నిన్న త్రాగితివా? ఎవరితోనైన తగవుపడితివా?” అని ఎంత స్నేహముగా అడిగినను, తన జవాబు ఎవరి బల్లమీదికి పోవునని అతడు ముందుగా అడుగకుండునా?