జీపు ముందు చక్రాల బేరింగులు

చప్పుళ్లను విని మంచిచెడ్డలు చెప్పడం మా ఉద్యోగంలో ఒక భాగం. తంబురా తీగ పిసరంత దిగినా మా చెవికి తెలియవలెను. అయినా ఎనిమిదేళ్ల క్రిందట ఒక జీపు ముందు చక్రం గంటసేపు మొరపెట్టుకొంటూ ఉంటే నేను వినికూడా గ్రహించలేకపోయినాను. ఈనాటి ప్రసంగానికి ఆ అనుభవమే మూలం.

మారేడుమిల్లి పరిసర గ్రామాలలో పాటలు రికార్డు చేసికొని ఒక మిత్రుని పాత జీపులో తిరిగి వస్తున్నాము. అది వానకాలం. ఉదయం రెండు వాగులు దాటినాము. నీరు చక్రాల నడిమి హబ్బుల పైదాకా వచ్చినది. మధ్యాహ్నం నుంచి ఎడమ చక్రం వైపున తుమ్మెద రొద వంటి చప్పుడు బయలుదేరినది. రోడ్డు కుడికి తిరిగినప్పుడు అది హెచ్చేది; ఎడమకు తిరిగినప్పుడు తగ్గేది. టైరు చప్పుడేనండీ అన్నాడు డ్రైవరు. కాబోలుననుకొన్నాను. ఘాటు దిగుతూ బ్రేకు వేసేసరికి పెడలు మామూలుకంటె చాలా లోతుకు పోయినది. బండి ఒక ప్రక్కకు ఈడ్చినది. ఆ ప్రక్క లోయ. ఎలాగో ఆపి, దిగి చూస్తే ఎడమ హబ్బు చేయి ఆనించలేనంత వేడిగా ఉన్నది.

మరునాడు రంపచోడవరం నుంచి వచ్చిన వృద్ధ మెకానిక్కు హబ్బు విప్పితే, గ్రీజు ఉండవలసిన చోట చిక్కని మజ్జిగ వంటి పదార్థం కనిపించినది. కారణం ఆయనే చెప్పినాడు. పరుగెత్తిన హబ్బు వేడెక్కి ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, అరిగిన ఆయిల్ సీలు సందులోనుంచి నీటిని లోనికి పీల్చుకొంటుంది. ఆ నీరు గ్రీజును పాడుచేసి ఉక్కుకు త్రుప్పు పట్టిస్తుంది. ఆ గుంటలమీద రోలర్లు దొర్లుతూ చేసే చప్పుడే నేను విన్న తుమ్మెద రొద. ఈ బండికి నిన్నటి వాగే మొదటిది కాదని కూడా ఆయన అన్నాడు. అంత లోతైన గుంటలు ఒక్క రోజులో పడవు.

ఈ చక్రాలలో ఉండేది ఏటవాలు రోలరు బేరింగు. అమెరికాలో హెన్రీ టింకెన్ 1898లో దీనికి పేటెంటు పొందినాడు. శంఖాకారపు రోలర్లు గల కోను, దానికి ఒదిగే కప్పు, ఈ రెండూ కలిస్తే ఒక బేరింగు. బండి బరువును, మలుపులలో ప్రక్కకు త్రోసే బలాన్ని కూడా ఇది భరించగలదు. కాని బిగింపు సరిగా కుదిరితేనే. పాత విల్లీసు జీపు చక్రంలో లోపలి బేరింగూ వెలుపలిదీ ఒకే కొలతవి. సౌకర్యమే కాని, ఇందులో ఒక చిక్కు ఉన్నది. కడిగేటప్పుడు ఒకదాని కోను మరొకదాని కప్పులో పెట్టేవారు కద్దు. కలిసి అరిగిన జతను విడదీయరాదు.

బేరింగు వదులైనదీ లేనిదీ ఇంటిలోనే చూచుకొనవచ్చును. తక్కిన చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద గట్టి దిమ్మ పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. చక్రాన్ని పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి ఊపితే కదలిక తెలుస్తుంది. మెకానిక్కులు దీనినే ప్లే అంటారు. అప్పుడు మరొకరిని బ్రేకు త్రొక్కమనండి. కదలిక పోతే దోషం బేరింగుది. పోకపోతే చక్రం త్రిప్పే కింగ్ పిన్ను వద్ద చూడవలెను.

మామూలు బండిలో చిన్న మూత తీస్తే ముందు చక్రపు నట్టు కనిపిస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే జీపులో ముందు చక్రాన్ని త్రిప్పే షాఫ్టు బోలు ఇరుసు గుండా వచ్చి, ఆరు బోల్టుల ఫ్లేంజి ద్వారా హబ్బును పట్టుకొంటుంది. అదంతా తీస్తేనే నట్టు బయటపడుతుంది. గ్రీజు మార్చే పని ఏండ్ల తరబడి వాయిదా పడడానికి ఇదే కారణమని నా అనుమానం. ఇంకొక మాట. పాత విల్లీసులలో ఎడమ చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. అది తెలియక బలం కొద్దీ బిగించి బోల్టులు విరిచినవారు ఉన్నారు.

బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవవలెను. బేరింగులను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, వెలుతురులో పరీక్షించవలెను. గుంట గాని, నీలిరంగు మచ్చ గాని ఉంటే కోను, కప్పు రెండూ మార్చవలసినదే. క్రొత్త కప్పును మెత్తని ఇత్తడి కడ్డీ ఆనించి, చుట్టూ సమంగా కొడుతూ దించవలెను. దిగుతున్నంతసేపు దెబ్బ గణగణ మ్రోగుతుంది; అడుగు తాకగానే ధ్వని మొద్దుబారుతుంది. ఆ తేడా మాత్రం నేను వెంటనే పట్టుకొన్నాను, మెకానిక్కు నవ్వినాడు.

గ్రీజును పైపైన పూసి లాభం లేదు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకొని, బేరింగు వెడల్పు అంచును దానిలోనికి నొక్కుతూ, రోలర్ల సందుల నుంచి రెండవ ప్రక్కకు పొంగేవరకు ఎక్కించవలెను. బ్రేకు వేడికి తట్టుకొనే లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరగదు. చౌకరకం కాల్షియం గ్రీజు నూరు డిగ్రీల దరిదాపులలోనే జారిపోతుంది. రెంటినీ కలపరాదు. ఆయిల్ సీలు ఎప్పుడూ క్రొత్తదే వేయవలెను.

అసలు నేర్పు బిగింపులో ఉన్నది. చక్రాన్ని త్రిప్పుతూ, అది పట్టేవరకు లోపలి నట్టును బిగించి, తరువాత చుట్టులో ఆరవ వంతు వెనుకకు వదలవలెను. చక్రం తేలికగా తిరగవలెను, ప్రక్కకు ఊగరాదు. పైన లాక్ వాషరు, దానిమీద రెండవ నట్టు. రెండవది బిగించేటప్పుడు మొదటి సర్దుబాటు కొంచెం మారుతుంది గనుక మళ్లీ త్రిప్పి చూచి, అప్పుడే వాషరు అంచును మడవవలెను. గట్టిగా ఉంటే మంచిదని మరికొంత బిగించేవారే ఎక్కువ బేరింగులను కాలుస్తారు. లేశమంత వదులును బేరింగు కొంతకాలం ఓర్చుకొంటుంది. అతి బిగింపును కొద్ది మైళ్లు కూడా ఓర్చుకొనదు.

పని ముగిసిన తరువాత ఇరవై కిలోమీటర్లు నడిపి, బండి ఆపి, రెండు ముందు హబ్బులనూ తాకి చూడండి. రెండూ ఒకే విధమైన గోరువెచ్చదనంతో ఉండవలెను. ఒకటి ఎక్కువ కాలితే బ్రేకు పట్టుకొని ఉన్నదేమో చూచి, కాకుంటే నట్టు విప్పి మళ్లీ సర్దవలెను. మా మిత్రుని జీపుకు రంపచోడవరం చేరేలోపల రెండుసార్లు అలా ఆగినాము.